పంచాయితీకి కూర్చునే ముందు: బెంగళూరు తెలుగు పెద్దలకు బహిరంగ లేఖ

బెంగళూరులోని తెలుగు సంఘాల పెద్దలకు, పని సైట్ల మేస్త్రీలకు, వఠారాల ఓనర్లకు నమస్కారం.

మొగుడు కొడుతున్నాడని ఒకామె అర్ధరాత్రి పిల్లల్ని పట్టుకుని బయటికొస్తే, ఈ ఊళ్లో మనవాళ్లు ముందు తొక్కేది మీ గడపే. స్టేషన్లో కన్నడం మాట్లాడాలి. కోర్టు ఎక్కడుందో తెలియదు. మీరైతే మన భాష, మన జిల్లా. మీరు ఆదివారం చూసి పంచాయితీ పెడతారు. అతన్ని నాలుగు కేకలేసి, ఆమెకు నాలుగు బుద్ధులు చెప్పి, స్టాంపు పేపరు మీద రాజీ రాయించి ఇద్దరినీ ఒకే ఆటో ఎక్కిస్తారు. "కోర్టుకు పోతే లాయరు ఫీజుకే పుస్తెలు అమ్ముకోవాలి తల్లీ, సర్దుకుపో" అనే మాట అక్కడ ఎవరో ఒకరు తప్పకుండా అంటారు.

ఆ మాట తప్పు. ఎంత తప్పో రూపాయల్లో, కూలి రోజుల్లో, జిరాక్సు కాగితాల్లో లెక్క చెప్పడానికే ఈ లేఖ. రాస్తున్నది ఆ దరఖాస్తులు నింపడం, కోర్టు వరండాల్లో నిలబడడం రోజువారీ పనైనవాళ్లం.

ముందు ఒక భయం తీసేద్దాం. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. దాని కింద మేజిస్ట్రేటు ఇచ్చే రక్షణ ఉత్తర్వును వరండాలో అందరూ డీవీ ఆర్డరు అంటారు. అది మొగుణ్ణి జైల్లో పెట్టే కాగితం కాదు. కొట్టొద్దు, ఆమె పనిచేసే చోటికీ పిల్లల బడికీ పోవద్దు, ఫోన్లు చేసి బెదిరించొద్దు, ఇంట్లోంచి గెంటొద్దు, నెలకింత ఖర్చులకివ్వు అని చెప్పే కాగితం. దాన్ని మీరితేనే జైలు మాట వస్తుంది. భార్యను హింసించినందుకు పెట్టే జైలు కేసు వేరే ఉంది: ఐపీసీలో పాత 498ఎ, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85వ సెక్షను. ఈ రెంటినీ కలిపేసి "కేసు పెడితే వాడు లోపలికి పోతాడు, నీకు తిండెవరు పెడతారు" అని మీరంటుంటే ఆమె వెనక్కి తగ్గుతోంది. తిండి ఎవరు పెట్టాలో కూడా ఆ దరఖాస్తులోనే అడగొచ్చు.

ఇక డబ్బు లెక్క. పంచాయితీ ఉచితమని మీరనుకుంటారు. మదనపల్లె నుంచో కదిరి నుంచో నలుగురు బంధువులు రావాలి. వాళ్ల బస్సు ఛార్జీలు, ఒక పూట భోజనాలు, స్టాంపు పేపరు, టైపు ఖర్చు చాలాసార్లు ఆమె పుట్టింటివాళ్లే అప్పు తెచ్చి పెడతారు. కంటికి కనిపించని ఖర్చు ఇంకా పెద్దది. భరణం దరఖాస్తు వేసిన తేదీ నుంచే లెక్క కట్టాలని సుప్రీంకోర్టు 2020 నవంబరులో, రజ్నేష్ వర్సెస్ నేహా తీర్పులో చెప్పింది. అంటే ఫిబ్రవరిలో వేయాల్సిన దరఖాస్తును మూడు పంచాయితీల పేరు చెప్పి ఆగస్టుకు నెట్టితే, ఆ ఆరు నెలల భరణం ఆమెకు రాదు. "ఇంకొక్కసారి చూద్దాం" అన్న ప్రతిసారీ ఒక నెల డబ్బు ఆమె చేతిలోంచి పోతోంది.

పంచాయితీ పెట్టొద్దని మేం అనడం లేదు. పెట్టినా మీరు వినరని మాకు తెలుసు. దరఖాస్తు వేశాక పెట్టండి అంటున్నాం. ముందు పంచాయితీ జరగాలని గృహహింస చట్టంలో ఎక్కడా లేదు. కౌన్సెలింగు అవసరమనుకుంటే ఆ చట్టం 14వ సెక్షను కింద మేజిస్ట్రేటే ఆదేశిస్తారు. మీరు రాయించే కాగితంలో "ఇకపై ఏ కోర్టుకూ పోను" అన్న వాక్యం ఉంటుంది చూడండి, దానికి విలువ లేదు. కోర్టుకు వెళ్లే హక్కును పూర్తిగా అడ్డుకునే ఒప్పందం కాంట్రాక్టు చట్టం 28వ సెక్షను ప్రకారం చెల్లదు. ఆ కాగితం ఒక పనికి మాత్రం వస్తుంది: అతను కొట్టినట్టు ఒప్పుకుంటూ మీ అందరి ముందు సంతకం పెట్టాడు గనక, అది ఆమెకు సాక్ష్యం. ఒరిజినల్ మీ బీరువాలో పెట్టుకోకుండా ఆమె చేతికివ్వండి. ఖాళీ కాగితం మీద సంతకమో వేలిముద్రో మాత్రం ఎప్పుడూ పెట్టించొద్దు.

లాయరు ఫీజు సంగతి. 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం 12వ సెక్షను ప్రకారం ఆడమనిషికి ఉచిత న్యాయ సహాయం ఆదాయంతో సంబంధం లేకుండా వస్తుంది. నెలకు ఏడు వేలు తెచ్చుకునే ఇంటిపని మనిషికీ వస్తుంది, డెబ్బై వేల జీతగత్తెకీ వస్తుంది. ఆదాయ ధ్రువపత్రం తెమ్మని కౌంటరులో ఎవరైనా అంటే, "మహిళ కోటాలో అడుగుతున్నాం, ఆదాయం కింద కాదు" అని చెప్పాలి. ఈ ఒక్క వాక్యం తెలియక ఆ పత్రం ఇచ్చే రెవెన్యూ ఆఫీసు, నాడకచేరి చుట్టూ వారం తిరిగేవాళ్లున్నారు. కర్ణాటక రాష్ట్ర లీగల్ సర్వీసెస్ అథారిటీ హెచ్. సిద్దయ్య రోడ్డులోని న్యాయదేగుల భవనంలో ఉంది. ఫ్యామిలీ కోర్టులు ఉండేదీ అక్కడే గనక ఆటోవాళ్లకు ఆ పేరు తెలుసు. ఫోనైతే 15100. లాయరుతోపాటు కోర్టు ఫీజు, ప్రాసెస్ ఫీజు, ఉత్తర్వుల సర్టిఫైడు కాపీలు కూడా ఆ సహాయంలో భాగమే. వాళ్లిచ్చే ప్యానెల్ లాయరు ఆమె దగ్గర ఒక్క రూపాయి తీసుకోకూడదు. "టైపింగు ఖర్చు" అని అడిగితే, లేదా రెండు వాయిదాలు వరసగా రాకపోతే, అథారిటీ సెక్రటరీకి తెల్లకాగితం మీద రాసిస్తే లాయర్ని మారుస్తారు. ఆ కాగితం తెలుగులో రాస్తే కదలదు. ఇంగ్లీషులోనో కన్నడంలోనో నాలుగు వాక్యాలు రాసిపెట్టే పిల్లలు మీ సంఘంలో చాలామంది ఉన్నారు.

లాయరు లేకుండా కూడా దారుంది. గృహహింస చట్టం కింద ప్రతి ప్రాంతానికీ రక్షణాధికారి ఉంటారు. కర్ణాటకలో ఆ బాధ్యత శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారులకు, అంటే సీడీపీఓలకు అప్పగించారు. సీడీపీఓ ఆఫీసు ఎక్కడో తెలియకపోతే వీధి చివర అంగన్‌వాడీ టీచర్ని అడగండి, ఆమె పైఅధికారే. రక్షణాధికారి గృహహింస నివేదిక రాస్తారు, దరఖాస్తు నింపడానికి సాయపడతారు, చదువు రాని మనిషైతే రాసిందంతా చదివి వినిపించాలి. అయితే ఆ అధికారికి ఇంకా వంద పనులుంటాయి. ఎన్నికలు, పోషకాహారం, సర్వేలు. నివేదిక ఇంకా తయారవలేదని నెల దాటుతుంటే ఆగక్కర్లేదు. నివేదిక లేకపోయినా మేజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చని 2022లో ప్రభా త్యాగి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆమె నేరుగా కోర్టులో వేయొచ్చు, లేదా ఆమె తరఫున మీలో ఎవరైనా వేయొచ్చు. హింస జరుగుతోందని మంచి ఉద్దేశంతో రక్షణాధికారికి కబురిచ్చిన వాళ్ల మీద సివిలు కేసూ క్రిమినల్ కేసూ ఉండవని గృహహింస చట్టం 4వ సెక్షను చెబుతోంది. "మనకెందుకొచ్చిన గొడవ" అనే పెద్దలు ఆ సెక్షను ఒకసారి చదివించుకోండి.

ఆధార్ కార్డు దగ్గర రెండు ముళ్లున్నాయి. మొదటిది: కార్డులో అనంతపురం అడ్రసు ఉంది కదా, కేసు అక్కడే వేయాలని కొందరు లాయర్లే చెప్పేస్తారు. అక్కర్లేదు. 27వ సెక్షను ప్రకారం ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటైనా, పనిచేసే చోటైనా, హింస జరిగిన చోటైనా వేయొచ్చు. బెంగళూరులో ఉంటున్నట్టు చూపడానికి అద్దె ఒప్పందం, గ్యాసు రసీదు, పిల్లల బడి ఐడీ, గార్మెంట్స్‌లో చేస్తుంటే ఈఎస్ఐ కార్డు, వీటిలో ఏదున్నా పనికొస్తుంది. ఏదీ లేకపోతే ఓనరు ఒక కాగితం మీద "ఫలానా నెల నుంచి నా ఇంట్లో అద్దెకున్నారు" అని రాసి సంతకం పెడితే చాలా సాయం. రెండోది: 2023 జూన్ 11 నుంచి శక్తి పథకం కింద ఆడవాళ్లకు బీఎంటీసీ సిటీ బస్సు ఉచితం గానీ, కర్ణాటక అడ్రసున్న గుర్తింపు కార్డు చూపాలి. మనామె టిక్కెట్టు కొనుక్కోవాల్సిందే. వైట్‌ఫీల్డు అవతలి నుంచి కోర్టుకు రానూపోనూ రెండు బస్సులు మారాలి. పిల్లల్ని కూడా తీసుకొస్తే ఖర్చు ఇంకా పెరుగుతుంది, దానికి తోడు ఆ రోజు కూలీ పోతుంది. కేసులు మధ్యలో ఆగిపోయేది ఫీజుల వల్ల కాదు, ఇదిగో ఈ చిల్లర వల్లే. సంఘం తరఫున ఏదైనా చేయాలంటే ఆమెకు ఆరు వాయిదాల దారిఖర్చు ముందే ఇవ్వండి, ఒక పెళ్లి పందిరికి అయ్యేంత కూడా కాదు.

ఏ కోర్టు? బెంగళూరు నగరంలో ఈ కేసులు ఏళ్లుగా చూస్తూ వచ్చినవి మెట్రోపాలిటన్ మేజిస్ట్రేట్ ట్రాఫిక్ కోర్టులు. నవ్వు రావచ్చు. హెల్మెట్ లేని బండివాళ్ల కోర్టేమో అనుకుని బోర్డు చూసి వెనక్కి తిరిగిన మనుషులున్నారు. ఇల్లు ఏ స్టేషన్ పరిధిలోకి వస్తుందో చెబితే ఏ కోర్టో లీగల్ సర్వీసెస్ కౌంటరులో చెబుతారు. ఊరి అంచుల్లో జాగ్రత్త. చందాపుర, బొమ్మసంద్ర ఆనేకల్ తాలూకా. హోసకోటె, దేవనహళ్లి, నెలమంగల అసలు వేరే జిల్లా. వాటికి తాలూకా కోర్టులున్నాయి, అక్కడే తాలూకా న్యాయ సేవల కమిటీ కూడా ఉంటుంది. అవి దగ్గర కాబట్టి దారిఖర్చూ తక్కువే. తెలియక సిటీకి వచ్చి ఒక రోజు కూలి పోగొట్టుకోవద్దు.

దరఖాస్తు గురించి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ తప్పులు ఇక్కడే. నిబంధనల్లో ఫారం 2 అని ఒక నమూనా ఉంది. అదే గృహహింస చట్టం 12వ సెక్షను దరఖాస్తు. అది మాత్రమే వేస్తే మేజిస్ట్రేటు అవతలివాళ్లకు నోటీసు పంపిస్తారు, వాళ్లొచ్చేదాకా ఆమె చేతిలో ఏమీ ఉండదు. వెంటనే రక్షణ కావాలంటే 23వ సెక్షను కింద మధ్యంతర దరఖాస్తు, దానికి ఫారం 3 అఫిడవిట్ విడిగా జోడించాలి. అప్పుడు అవతలి మనిషి రాకముందే మేజిస్ట్రేటు తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వగలరు. పని ఒత్తిడిలో ఉన్న లాయర్లు ఫారం 3 మరచిపోవడం మామూలే. సంతకం పెట్టే ముందు "ఇందులో 23 ఉందా?" అని అడగమని ఆమెకు నేర్పండి. ఇంకేం రాకపోయినా ఈ ప్రశ్న రావాలి. కోర్టులో వేసే అఫిడవిట్‌కు స్టాంపు పేపరు అక్కర్లేదు, తెల్లకాగితం చాలు. బయట డీటీపీ సెంటర్లు స్టాంపు పేపరు అమ్మజూస్తాయి.

భరణం అడిగేవాళ్లు ఆస్తిపాస్తుల అఫిడవిట్ కూడా వేయాలని అదే 2020 తీర్పు చెబుతుంది. పేజీలకు పేజీలుంటుంది, బ్యాంకు స్టేట్‌మెంట్లు అడుగుతుంది. కానీ దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవాళ్లకు, దినకూలీలకు ఆ అఫిడవిట్ నుంచి మినహాయింపు అదే తీర్పులో ఉంది. ఆమె అడ్డా కూలీ అయితే ఆ సంగతి దరఖాస్తులో ఒక వాక్యంగా రాయించండి. అతనిది ఉద్యోగమైతే అతను మాత్రం వేయాల్సిందే.

హింస ఎప్పుడు జరిగిందో రాసేచోట మనవాళ్లు తడబడతారు. "శ్రావణ శుక్రవారం నాడు", "వినాయక చవితికి రెండ్రోజుల ముందు", "బటవాడా రోజు రాత్రి" అని చెబుతారు. టైపిస్టు విని తోచిన తేదీ వేసేస్తాడు. తర్వాత క్రాస్‌లో, అంటే ఆమెను ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు, అవతలి లాయరు ఆ తేదీన అతను ఊళ్లోనే లేడని రైలు టిక్కెట్టు చూపిస్తాడు. తెలుగు క్యాలెండరు పక్కన పెట్టుకుని, పండగనుబట్టి తేదీ తేల్చుకుని, సరిగ్గా తెలియని చోట "సుమారుగా ఫలానా నెల రెండో వారం" అని రాయించాలి. పదేళ్ల చరిత్ర అంతా అక్కర్లేదు. మొదటిసారి, అన్నిటికన్నా ఘోరమైంది, ఆఖరుసారి, ఈ మూడూ తేదీ, చోటు, ఏం చేశాడు, ఎవరు చూశారు అన్న నాలుగు వివరాలతో ఉంటే మేజిస్ట్రేటుకు ఒక్క చదువులో అర్థమవుతుంది. కన్నడంలోనో ఇంగ్లీషులోనో తయారైన దరఖాస్తును ఆమెకు తెలుగులో వాక్యం వాక్యం చదివి వినిపించకుండా సంతకం చేయించకూడదు. మీ సంఘం నుంచి ఒకరు గంటసేపు కేటాయిస్తే అయిపోయే పని, దాని విలువ మాత్రం చాలా ఎక్కువ.

ఎవరెవరి మీద వేయాలన్నది ఇంకో చిక్కు. కోపంలో అత్తా మామా బావగారూ తోడికోడలూ అందరి పేర్లూ రాయించేస్తారు. చట్టం ఒప్పుకుంటుంది, 2016లో సుప్రీంకోర్టు "వయోజన పురుషుడు" అన్న మాట కొట్టేశాక ఆడవాళ్ల మీదా వేయొచ్చు. కానీ ఖర్చు చూడండి. దరఖాస్తు, అఫిడవిట్లు, రుజువులు కలిపి 40 పేజీలనుకుందాం. కోర్టుకొకటి, రక్షణాధికారికొకటి, ఆమెకొకటి, ప్రతివాదికి ఒక్కొక్కటి. మొగుడొక్కడే అయితే 4 సెట్లు, 160 పేజీలు. అయిదుగురైతే 8 సెట్లు, 320 పేజీలు. అంతకంటే ముఖ్యం, ఊళ్లో ఉన్న బావగారికి నోటీసు అందలేదని కేసు మొత్తం నిలబడిపోతుంది. నిజంగా చెయ్యి చేసుకున్నవాళ్లు, ఇంట్లోంచి గెంటినవాళ్లు, బంగారం దాచినవాళ్లు, వీళ్ల పేర్లు చాలు. అత్తను ఇంట్లోంచి పంపించెయ్యమని అడిగినా లాభం లేదు. ఇల్లు ఖాళీ చేయమనే ఉత్తర్వు ఆడమనిషి మీద ఇవ్వకూడదని చట్టమే అంటోంది.

రుజువులంటే మెడికల్ కాగితాలు, ఫోను. దెబ్బలు తగిలినప్పుడు జారిపడ్డానని డాక్టరుతో చెప్పడమే అన్నిటికన్నా ఖరీదైన అబద్ధం. అది ఓపీ చీటీలో ఎక్కిందంటే రెండేళ్ల తర్వాత ఆమెకే ఎదురు తిరుగుతుంది. బౌరింగ్, విక్టోరియా వంటి ప్రభుత్వాసుపత్రిలో చూపించి, కొట్టిందెవరో చెప్పి, మెడికో లీగల్ కేసుగా (ఎంఎల్‌సీ) నమోదు చేయించాలి. గృహహింస నివేదిక ముందు తెస్తేనే వైద్యం చేస్తామనడానికి ఆసుపత్రికి వీల్లేదు. ఫోటోలు మర్నాడు, మూడోనాడు కూడా తీయండి, కమిలిన చోట రంగు అప్పుడే తేలుతుంది. వాయిస్ మెసేజులు వేరే ఫోనుకు పంపి పాత ఫోను అమ్మేయడం చాలామంది చేస్తారు. అలా చేయొద్దు. విచారణలో 2024 నుంచి సాక్ష్య అధినియం 63వ సెక్షను సర్టిఫికెట్ కావాలి, అసలు ఫోను ఉంటేనే అది తేలిక. మధ్యంతర ఉత్తర్వుకు మాత్రం అంత తతంగం లేదు. ఫారం 3 అఫిడవిట్ మీదే ఇవ్వొచ్చు. పెళ్లి సర్టిఫికెట్ లేదని భయపడొద్దు. గుళ్లో దండలు మార్చుకున్నా, పెళ్లి ఫోటో, పిల్లల జనన ధ్రువపత్రం, రేషను కార్డు నడుస్తాయి. కుదువ పెట్టిన బంగారం ఆమెదైతే ఆ చీటీలు ఎవరి పేరున ఉన్నా ఫోటో తీసి ఉంచుకోవాలి. స్త్రీధనం తిరిగి ఇప్పించమని 19వ సెక్షనులోనే అడగొచ్చు.

ఓనర్లకు ఒక మాట. అద్దె ఒప్పందం మొగుడి పేరున ఉన్నా అది ఆమె కాపురమున్న ఇల్లే. 17వ సెక్షను ఆమెకు అక్కడ ఉండే హక్కిస్తుంది. అత్తమామల పేరున ఉన్న ఇల్లు కూడా కలిసి కాపురమున్న ఇల్లే అవుతుందని 2020 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. బెంగళూరులో అసలు తగాదా ఇంటి మీద కాదు, అడ్వాన్సు మీద. కేసు పడిందని తెలియగానే అతను మీ దగ్గరికొచ్చి "ఖాళీ చేస్తున్నా, అడ్వాన్సు ఇచ్చెయ్యండి" అంటాడు. ఆమె నెత్తిన పైకప్పు, చేతిలో డబ్బు రెండూ ఒకేసారి పోతాయి. కాపురమున్న ఇంటి మీద హక్కు వదులుకోకుండా, ఉమ్మడి ఆస్తులు పారేసుకోకుండా అతన్ని ఆపమని దరఖాస్తులో అడగొచ్చు, అడ్వాన్సు మొత్తం అంకెతో సహా రాయాలి. ఆ కాగితం మీకందే వరకు డబ్బు చేతికివ్వకుండా ఒక్క నెల ఆగండి. అదీ కాకుండా, గొడవలవుతున్నాయని ఆమెను ఖాళీ చేయమనడం మానండి.

మేస్త్రీలూ, మీ పని ఇంకా ఎక్కువ. నోటీసులు వెనక్కొచ్చేది మీ షెడ్ల నుంచే. "మేస్త్రీ షెడ్డు, సర్జాపుర రోడ్డు" అని రాస్తే ఎవరూ పట్టుకోలేరు. సైటు పేరు, బిల్డరు బోర్డు, పక్కనున్న గుడో బంకో, అతని ఫోను, మీ ఫోను, ఊళ్లో డోరు నంబరు, ఇవన్నీ దరఖాస్తులో ఉండాలి. నోటీసు రక్షణాధికారి ద్వారా రెండు రోజుల్లో అందించాలని చట్టం అంటుంది, మొదటి విచారణ మూడు రోజుల్లో, కేసు 60 రోజుల్లో ముగించే ప్రయత్నం చేయాలనీ అంటుంది. వరండాలో చూసేది వేరు, నెలలు పడుతుంది. అందులో సగం ఆలస్యం అడ్రసుదే. అతన్ని వేరే సైటుకు మార్చి నోటీసు తప్పించడం స్నేహం అనుకుంటున్నారేమో. భరణం కట్టకపోతే 20వ సెక్షను కింద అతని జీతంలోంచి నేరుగా ఆమెకిమ్మని కోర్టు యజమానినే ఆదేశించవచ్చు. ఆ యజమాని మీరే అవుతారు. కూలి పుస్తకం సరిగా రాసిపెట్టుకోండి, అతని రోజు కూలి ఎంతో కోర్టుకు తెలిసేది దాన్నిబట్టే.

కొందరు పెద్దలు అబద్ధపు కేసుల సంగతేమిటని అడుగుతారు. దానికీ చోటుంది. అతనూ జవాబు వేస్తాడు, లాయర్ని పెట్టుకుంటాడు, ఉత్తర్వు నచ్చకపోతే 30 రోజుల్లో సెషన్సు కోర్టుకు అప్పీలు వెళతాడు. ఆ తీర్పు ఆదివారం అరుగు మీద మీరు చెప్పక్కర్లేదు.

దరఖాస్తు వేసిన రోజే కేసు నంబరు, సీఎన్ఆర్ నంబరు రాసుకోవాలి. 16 అక్షరాల ఆ నంబరును ఈకోర్ట్స్ యాప్‌లో కొడితే తర్వాతి వాయిదా ఎప్పుడో లాయరును బతిమాలకుండా తెలుస్తుంది. ఆమెది కీప్యాడ్ ఫోనైతే మీ ఇంట్లో పిల్లవాడి ఫోనులో పెట్టించండి. వాయిదా నాడు ఉదయం పదకొండు లోపే హాజరవ్వాలి. రెండు మూడుసార్లు పిలిచినా రాకపోతే కేసు కొట్టేస్తారు. తిరిగి తెరిపించడానికి మళ్లీ దరఖాస్తు, మళ్లీ కూలి నష్టం. ఆ రోజు పిల్లల్ని ఎవరు చూస్తారన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. వాయిదాలు తప్పడానికి మేం చూసిన కారణాల్లో అది ముందు వరసలో ఉంటుంది.

ఉత్తర్వు వచ్చేలోపు ప్రాణం మీదికొస్తే 112. ఉండడానికి చోటు కావాలంటే 181కి చేస్తే సఖి వన్‌స్టాప్ సెంటరుకు పంపుతారు, అక్కడ అయిదు రోజుల దాకా ఉండొచ్చు. పెద్ద మగపిల్లలుంటే చేర్చుకుంటారో లేదో ముందే అడగాలి. స్టేషన్లో అర్జీ ఇస్తే రసీదు తీసుకోవాలి. అక్కడ రాయించే ముచ్చలికను, అంటే ఇకపై చేయనని అతను రాసిచ్చే కాగితాన్ని, రక్షణ ఉత్తర్వు అనుకోవద్దు, ఉత్తర్వు ఇచ్చేది మేజిస్ట్రేటే. ఉచిత న్యాయ సహాయం గురించీ, రక్షణాధికారి గురించీ చెప్పడం 5వ సెక్షను ప్రకారం పోలీసుల విధి. గట్టిగా అడిగే మనిషి పక్కనుంటే గుర్తొస్తుంది. ఉగాదికి వేయించే ఫ్లెక్సీలో నాయకుల ఫోటోల కింద 15100, 181, 112 తెలుగులో రాయించడానికి ఒక అంగుళం చోటు చాలు.

ఉత్తర్వు చేతికొచ్చాక సగం పని మిగిలే ఉంటుంది. కాపీ ఆమెకూ, స్టేషనుకూ ఉచితంగా ఇవ్వాలని 24వ సెక్షను చెబుతోంది. కోర్టు పంపిస్తుందిలే అని కూర్చోకుండా, ఒక జిరాక్సు స్టేషన్లో ఇచ్చి రెండోదాని మీద సీలు, తేదీ వేయించుకోవాలి. అతను మీరితే ఆ సీలున్న కాగితమే మాట్లాడుతుంది: 31వ సెక్షను కింద ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ, పోలీసులు నేరుగా అరెస్టు చేయగల, బెయిలు హక్కుగా దొరకని నేరం. భరణం ఇవ్వకపోవడం మాత్రం వేరే దారి, దానికి వసూలు దరఖాస్తు వేయాలి. ఉత్తర్వు ఆమె వద్దనే వరకు నడుస్తుంది, దేశమంతటా చెల్లుతుంది. అతను ఊరికి పిలిపించుకుని అక్కడ కొట్టినా మదనపల్లె స్టేషన్లో ఇదే కాగితం చూపొచ్చు.

సీలున్న కాపీ ఒకటి ప్లాస్టిక్ కవరులో ఆమె సంచిలో ఉండాలి, ఒకటి పనిచేసే చోట సెక్యూరిటీ దగ్గర, ఒకటి పిల్లల బడిలో హెడ్మాస్టరు దగ్గర. ఇంకొకటి మీ సంఘం బీరువాలో పెట్టండి. రాజీ పత్రాలు దాచే అరలో చోటుంటుంది.

ఇట్లు,
బెంగళూరు తెలుగు బస్తీల్లో పనిచేసే కొందరు పారాలీగల్ వాలంటీర్లు, లాయర్లు